క్యాంపు పడుతదట

రఘుపతి మిలిట్రీల కలిసిండని భద్రమ్మ అన్నదట. భద్రమ్మకు ఆమె అల్లుడు చెప్పిండట. ఆ అల్లుడు గొంగళ్లు అమ్ముకొచ్చెటందుకు పట్నం పోతే మొజంజాహీ మార్కెట్ కాడ రఘుపతి కనపడ్డడట. కాకి లాగు తొడుక్కొని, నెత్తిమీద టోపీ పెట్టుకొని, జీపు నడుపుకుంట పోతున్నడట. పిలిస్తే చూసి గూడ చూడనట్టే పోయిండట. ఈ ఆఖరి మాట అల్లుడే అన్నడో, భద్రమ్మ కలిపిందో, బావికాడ నీళ్లు చేదుతున్నవాళ్లల్ల ఎవరు కలిపిండ్రో ఎవ్వరికీ తెల్వదు. కడవ నిండేటాల్లకు రఘుపతి మిలిట్రీల కలిసిండు. కడవ ఇల్లు చేరేటాల్లకు జమేదారైండు. పొద్దుగూకేటాల్లకు రామన్నపేట తాలూకా అంత ఆయన చేతికిందికొచ్చింది.

అసలుకైతే రఘుపతి వకీలు. అది గూడ పెద్ద వకీలు కాదు, పెద్ద వకీలు వెనుక కాయితాలు మోసుకుంట తిరిగే చిన్న వకీలు. నెమిలిబండ ఊరికి ఆయన సాయిలు బామ్మర్ది, కౌసల్య తమ్ముడు. అంతే.

ఉత్తి ముచ్చటైతే నాలుగొద్దులు నవ్వుకొని ఇడిచిపెట్టేవాళ్లు. కని దానెంబడే రెండో కబురొచ్చింది. రామన్నపేట బస్సులాగే కాడ చాయ హోటలు నడిపే అంజయ్యకు రఘుపతి ఒక మాట చెప్పి పోయిండు: "శనివారం గద్దగుండు కింద క్యాంపు పెడుతున్నం. మూడు జీపులొస్తయ్. పాలు, కట్టెలు తయారుంచుమని మా సాయిలు బావకు చెప్పు." అంజయ్య ఆ మాటను సంతకొచ్చిన పెద్దులుకు చెప్పిండు. పెద్దులు నెమిలిబండ దాక నడుచుకుంట వచ్చేటాల్లకు పాల మాట, బావ మాట దారిల రాలిపోయినయ్. ఊరి నడుమ నిలబడి ఆయన చెప్పింది ఇంతే: "శనివారం గద్దగుండు కాడ క్యాంపు పడుతదట. మూడు జీపులట. సాయిలు పేరు పెట్టి చెప్పిండ్రట."

నెమిలిబండల క్యాంపు అనే మాటకు ఒక్కటే అర్థం. నాలుగైదేండ్ల కింద, ఆ గడబిడ దినాలల్ల, చావిడిల క్యాంపు పడ్డది. మిలిట్రోళ్లు జీపులల్ల దిగిండ్రు. పాలడిగిండ్రు, కట్టెలడిగిండ్రు, మేకనడిగిండ్రు. కడుపులు నిండినంక పేర్లు పెట్టి పిలిచిండ్రు. ఆ పిలిచిన పేర్లల్ల సాయిలుది ఒకటి. పోయేటప్పుడు తన కాళ్లమీద పోయిండు, వచ్చేటప్పుడు ఎడ్లబండిల పండవెట్టుకొని తెచ్చిండ్రు. ఆనాటి సంది ఎడమ మోకాలు వంగదు. దూరం సడక్ మీద లారీ చప్పుడు వినపడ్డా సరే, పని ఎక్కడిదక్కడ ఇడిచిపెట్టి జొన్నచేన్ల సొచ్చి కూసుంటడు. "మల్ల క్యాంపు పడితె నన్ను పానంతోని తీస్కపోలేరు" అని పెండ్లాంతోని ఒక్కసారి అన్నడు. రెండోసారి అనలేదు. మాటలు తక్కువ మనిషి అన్న మాట గనుక కౌసల్య దాన్ని మరువలేదు.

యాభై అయిదో సంవత్సరం, జనవరి నెల అది. జొన్నలు ఇంకా కోతకు రాలేదు.

ఇవేమీ తెల్వని రఘుపతి ఆ శనివారం పగటీలి పొద్దు రామన్నపేట దాటి సడక్ దిగి, బండిబాట పట్టి, మంచి హుషారుమీద ఉన్నడు. ముందట దారాబ్ సాబ్ జీపు. సికింద్రాబాదుల సోడా కార్ఖానా ఆయనది, జీపుల క్లబ్బుకు ఆయననే కప్తాన్. నడుమ గోవిందదాసు సేఠ్ జీపు, దాంట్ల ఇద్దరు పనోళ్లు, గుడారాలు, గిన్నెలు, గ్రామఫోను. ఆఖరుకు డాక్టర్ నర్సింగరావు జీపు. డాక్టర్‌కు నడపరాదు, రఘుపతికి జీపు లేదు. ఒకరిది చెయ్యి, ఒకరిది బండి. ఆ లెక్కన ఇద్దరికీ క్లబ్బుల జాగా దొరికింది. మూడూ ఏలంపాటల కొన్న పాత మిలిట్రీ జీపులే. పచ్చరంగు అట్లనే ఉంది.

ఈ గుట్టలు చూపిచ్చింది రఘుపతే. "మీరు గండిపేట కట్టమీద నడిపి అదొక నడుపుడనుకుంటున్నరు. మా అక్కోళ్ల ఊరికి రాండ్రి. వాగుంది, బండదారుంది, మీద గద్దగుండు కింద పది గుడారాలు పట్టే చదునుంది. అవుతలికి చూస్తే కండ్లు తిరుగుతయ్, కింద గుండం" అని నెలరోజులు ఊరిచ్చి తీసుకొచ్చిండు.

వాగుల సేఠ్ జీపు కూరుకపోయింది. చక్రాలు తిరిగినకొద్దీ ఇసుకలకే దిగుతున్నయ్. సేఠ్ మాత్రం ఇంకా తొక్కుతనే ఉన్నడు. దారాబ్ సాబ్ తన జీపు హారన్ మీద చెయ్యి పెట్టి పొడుగ్గ ఒత్తిండు. గొర్రెపోతును కోస్తుంటే అరిచినట్టు అరిచింది. అది క్లబ్బు కానూను: ఒక్క పొడుగు హారన్ వినపడ్డదంటే ఎవని ఇంజన్ వాడు అక్కడికక్కడ బందు చెయ్యాలె, ఎందుకని అడుగొద్దు.

"సేఠ్‌జీ, బావి తవ్వుతున్నరా?" అన్నడు దారాబ్ సాబ్ దిగి.

"నీళ్లు పడితే మీ సోడా కార్ఖానాకే పంపిస్త" అన్నడు సేఠ్.

గోనెసంచులు చక్రాల కింద పరిచి, అందరు వెనుకనుంచి నూకితే జీపు గట్టెక్కింది. కాకి బట్టలకు, టోపీలకు ఇసుక. డాక్టర్ కండ్లద్దాలు తుడుచుకుంట నవ్వుతున్నడు. దూరంగ గుట్టమీదికి గొర్లమంద ఎక్కుతుండుడు రఘుపతి చూసిండు. మంద దిగే యాళ్ల అది. ఎక్కే యాళ్ల కాదు. చూసిండు గని మనసున పట్టలేదు.

ఊరు దగ్గరైంది. కుక్కలు మొరుగుతున్నయ్ గని వాటిని అదిలిచ్చే మనిషి లేడు. పొయ్యిల పొగ లేస్తాంది గని చప్పుడు లేదు. ఊరి నడుమకొచ్చేసరికి దారాబ్ సాబ్ జీపు ఆగింది.

దారికి అడ్డంగ కట్టెలమోపులు పేర్చి ఉన్నయ్. పక్కన పాలకడవ, మీద మోదుగాకు కప్పి ఉంది. రెండు నులకమంచాలు. ఒక మేక, మెడకు తాడేసి గుంజకు కట్టేసి ఉంది.

"అరె వా!" అని దారాబ్ సాబ్ చేతులు చరిచిండు. "వకీల్ సాబ్, క్యా ఇంతెజామ్ హై! మీ ఊరోళ్లు బంగారం. బక్రా గూడ!"

"అల్లునికి గూడ ఇట్ల చెయ్యరు మా దిక్కు" అన్నడు సేఠ్.

రఘుపతి మేక దిక్కు చూసిండు. పాలు చెప్పిండు. కట్టెలు చెప్పిండు. మంచాలు చెప్పలేదు. మేక అసలే చెప్పలేదు. మరి ఎవరు చెప్పినట్టు?

"మేకను ముట్టకుండ్రి సాబ్" అన్నడు. ఎందుకన్నడో ఆయనకే తెల్వదు.

కట్టెలు, పాలు దారాబ్ సాబ్ జీపుల ఎక్కిచ్చుకున్నరు. పొద్దు గుట్ట వెనుకకు జారుతాంది. చీకటి పడకముందే బండదారి ఎక్కాలె, లేకుంటే గుడారాలేసుడు కష్టం. "మీరు నడువుండ్రి, నేను అక్కను పలకరిచ్చి వస్త" అన్నడు రఘుపతి. రెండు జీపులు గుట్ట దిక్కు మలిగినయ్.

అక్క ఇంటి తలుపు బార్ల తెరిచి ఉంది. పొయ్యిమీద పెనం, పెనంమీద జొన్నరొట్టె. ఒక్కదిక్కు మాడి పొగలేస్తాంది. రఘుపతి చెయ్యి కాలుతున్నా చూడకుంట రొట్టెను తీసి కింద పడేసిండు. "అక్కా!" అన్నడు. కొట్టంల దూడ అరిచింది.

ఎదురింటి అరుగుమీద ముసలామె కూసోని ఉంది. కురుమోళ్ల గుర్వమ్మ. నడుము ఇరిగి ఏండ్లైంది, ఎక్కడికీ ఉరకలేదు. రఘుపతి దగ్గరికి పోంగనే ఆమె రెండు చేతులు ముందటికి చాపింది. దండం పెట్టుడు కాదు అది. అరచేతులు మీదికి పెట్టి, దెబ్బలకు చాపినట్టు చాపింది.

"మొగోళ్లెవ్వరు లేరు బిడ్డా. కొట్టేటిదుంటే నన్నే కొట్టు. దూడలను ఇడిచిపెట్టు."

"అవ్వా, నేను! కౌసల్య తమ్ముణ్ని, రఘుపతిని!"

"ఎరుకే. నీ గొంతు ఎరుకే. కండ్లు పోలేదు, నీ టోపీ గూడ కనపడుతాంది."

రఘుపతి చెయ్యి నెత్తిమీదికి పోయింది. టోపీ తీసిండు. అప్పుడు అర్థమైంది. ఒక్కసారి కాదు, ఒక్కొక్కటే వచ్చింది. మేక, మంచాలు, కట్టెలమోపు, తన నోటితోని తాను అంజయ్యకు చెప్పిన మాట. పట్నంల ఆ మాటకు పులావు వాసన ఉంటది. గ్రామఫోను పాట ఉంటది. నెలకొకసారి "ఈసారి క్యాంపు ఎక్కడ?" అని అడుక్కొని, అడుక్కొని, ఆ మాట మొదాలు ఎక్కడ విన్నడో మరిచిపోయిండు. సాయిలు బావను బండిల తెచ్చిననాడు తాను చదువిడిచి ఉరికొచ్చిండు. ఆ మోకాలికి వావిలాకు కట్టిన చేతులు ఇవే.

గడ్డివాము వెనుకనుంచి కౌసల్య వచ్చింది. చేతిల కొడవలుంది. జమేదారుకు ఎంత దూరంల నిలబడాల్నో, తమ్మునికి అంత దూరంల నిలబడ్డది.

"ఒక్కసారి తీస్కపోయి సగం మనిషిని చేసి పంపిండ్రు" అన్నది. "ఆ సగం గూడ కావాల్నా తమ్మీ?"

"అక్కా, నీ కాల్మొక్త, ఇది ఆ క్యాంపు కాదు."

"క్యాంపుకు ఎన్ని తీర్లుంటయిరా?"

"ఉత్తగనే వచ్చినం అక్కా. తినెటందుకు, పండెటందుకు. ఆయన డాక్టరు. వాళ్లు సోడాలమ్మేటోళ్లు, బట్టలమ్మేటోళ్లు. బావ ఏడి?"

కౌసల్య డాక్టర్ దిక్కు చూసింది. డాక్టర్ గబగబ టోపీ తీసి సీటు కింద నూకిండు. ఆ నూకుట్ల ఏం కనపడ్డదో, ఆమె మొఖంల బిగువు జర సడలింది. కొడవలి చేతినుంచి జారింది.

"గద్దగుండు అంచుమీద కూసున్నడు. ఊరోళ్లంత ఎనుక నిలబడి బతిమాలుతున్నరు, దగ్గరికి పోతే జరుగుతున్నడు. జీపు బండెక్కిన చప్పుడైతే గుండంల దుంకుత అన్నడు." గుట్ట దిక్కు చెయ్యి చూపిచ్చింది. "నన్ను గూడ రావద్దన్నడు. నువ్వొస్తే కాళ్లన్న పట్టుకుందమని దిగొచ్చిన."

అందరికీ ఒక్కసారే వినపడ్డది. గుట్టమీది నుంచి, చిన్న గేరుల పడ్డ ఇంజన్ మూలుగు. రెండు ఇంజన్లు. బండదారి మొదలు కాడ ఉన్నయ్. ఇంక నాలుగు మలుపులు తిరిగితే చదును.

రఘుపతి జీపు దిక్కు ఉరికిండు. చాబీ మీద చెయ్యి పెట్టి ఆగిండు. ఎనుకంగ నడుపుకుంట పోతే మూడో చప్పుడైతది. కాళ్లమీద ఉరికితే వాళ్లను అందుకోలేడు. లైట్లు కొట్టిండు, ఆర్పిండు, కొట్టిండు. గుట్టెక్కేవాడు వెనుకకు చూస్తడా? ఇంజన్లు మూలుగుతనే ఉన్నయ్. ఒక మలుపు తిరిగిన చప్పుడు గూడ తెలిసింది.

ఆయన చెయ్యి హారన్ మీదికి పోయింది. కౌసల్య ఆ చెయ్యి పట్టుకున్నది.

"వద్దురా! ఆ క్యాంపోళ్లు గూడ దిగంగనే అదే కొట్టిండ్రు!"

"కొట్టకపోతే వాళ్లు ఆగరు అక్కా."

"కొడితే ఆయన ఆగడు!"

తమ్ముడు అక్క మొఖం చూడలేక కండ్లు మూసుకున్నడు. చెయ్యి ఇడిపిచ్చుకొని ఒత్తిండు. ఒక్కటే. పొడుగ్గ. ఆ చప్పుడు గుట్టకు తాకి మల్ల ఊరుమీదికే వచ్చింది. దూడ బెదిరి పలుపు తెంపుకున్నది. గుర్వమ్మ అరుగుమీద ముడుచుకపోయింది.

ఒక ఇంజన్ ఆగింది. రెండోది కొంచెం సేపు మూలిగి అదిగూడ ఆగింది.

ఇంక వినుడే. కౌసల్య నోట్ల కొంగు కుక్కుకొని గుట్ట దిక్కు చెవి పెట్టింది. రాయి పడ్డ చప్పుడైతదేమో, ఊరోళ్లు మొత్తుకుంటరేమో, నీళ్ల చప్పుడు ఇంత దూరం వినపడుతదో వినపడదో. ఏం లేదు. గాలికి జొన్నాకు గలగలమన్నది. శానసేపటికి మీద ఎక్కడో ఒక గొర్రె దగ్గింది. పక్కన ఇంకో గొర్రె దగ్గింది.

"ఉన్నడు" అన్నది గుర్వమ్మ అరుగుమీదికెల్లి. "మనిషి పడితె గొర్లు గట్ల నింపాదిగ ఉండయ్."

రఘుపతి అక్కడనే కాకి బట్టలిప్పిండు. దండెంమీద బావ ధోతి ఉంటే చుట్టుకున్నడు. బూట్లు ఇడిచిండు. గుర్వమ్మ తన మీది గొంగడి తీసి ఆయన దిక్కు ఇసిరింది. డాక్టర్‌ను అరుగుకాడ కూసోమని చెప్పి, అక్కాతమ్ముడు గుట్టెక్కిండ్రు.

పట్నంల బూట్లకు అలవాటైన కాళ్లు. పల్లేరుకాయలు, మొరం. మొదటి మలుపుకే అరికాలు చీరింది. మూడో మలుపు కాడ రెండు జీపులు చీకట్ల నిలబడి ఉన్నయ్. చక్రాల కింద రాళ్లు పెట్టుకొని మనుషులు బండమీద కూసోని ఉన్నరు. దారాబ్ సాబ్ మోకాళ్ల మీద పిట్టల తుపాకి.

"కౌన్?" అన్నడు గట్టిగ.

"నేనే సాబ్. మెల్లగ. మాట్లాడొద్దు, లైటు వద్దు, సిగరెట్ గూడ వద్దు. ఆ తుపాకి జీపుల పడేయండ్రి."

గొంగడిల వచ్చిన వకీలును గుర్తుపట్టెటందుకు దారాబ్ సాబ్‌కు జర సేపు పట్టింది. గొంతు తగ్గించి "షేర్ హై క్యా?" అన్నడు.

"పులి కాదు సాబ్. మనమే."

రెండు మాటలల్ల చెప్పిండు. సేఠ్ "అరె, గింతేనా! నాలుగు మలుపులల్ల ఒక్కటే మిగిలింది, మనం పోయి మంచిగ చెప్తం, గ్రామఫోను పెడితె వాళ్లే నవ్వుకుంట వస్తరు" అన్నడు. దారాబ్ సాబ్ ఆయన చేతిలకెల్లి చాబీ గుంజుకొని జేబుల ఏసుకున్నడు. తుపాకి ఇరిచి తూటాలు తీసి సీటు కింద పెట్టిండు. 

మీద రాళ్ల సందున ఊరంత ఉంది. పిల్లల నోళ్లు చేతులతోని మూసుకొని ఆడోళ్లు, కట్టెలు పట్టుకొని మొగోళ్లు, వాళ్ల చుట్టు గొర్లు. బీరన్న కర్ర అడ్డం పెట్టిండు. గుర్వమ్మ కొడుకు. మందలన్నిటికీ ఆయనే పెద్ద.

"ఆగు. నీ ఎనుక ఎవరు?"

"అక్క."

"ఆమె ఎనుక?"

"ఎవ్వరు లేరు మామా."

బీరన్న వంగి ఆయన కాళ్లు చూసిండు. రక్తం తడి చేతికి తగిలింది. కర్ర తీసిండు గని చెవికాడ నోరు పెట్టి చెప్పిండు: "పేరు పెట్టి పిలువకు. అప్పుడు గూడ ఊరోన్నే ముందట పెట్టుకొని పిలిచిండ్రు. ఏం గాదు రా అని పిలిపిచ్చిండ్రు. ఆ మాట గిట్ల అన్నవంటే దుంకుతడు."

ఏం గాదు. రఘుపతి నాలుక కొసకు ఆ మాటనే వచ్చి ఉంది. గుట్టెక్కినంతసేపు దాన్నే నూరుకుంట వచ్చిండు. బావా, ఏం గాదు, రా. ఇంకేం మాటుంటది మనిషికి? దాన్ని మింగిండు.

గద్దగుండు అంచున, ఆకాశం మిగిలిన కొద్ది వెలుగుల, సాయిలు వీపు కనపడుతాంది. వంగని ఎడమకాలు బయటికి చాపి ఉంది. దానికింద ఏం లేదు. అక్కడినుంచి చల్లటి గాలి మీదికి కొడుతాంది.

రఘుపతి బండమీద ఉన్నకాడనే కూలబడ్డడు. ఎంత సేపు కూసున్నడో. బలవంతంగ పంపినోడు ఏం మాట్లాడుతడు? తియ్యగ మాట్లాడుతడు. భయంమీద ఉన్నోనికి తియ్యటి మాట తప్ప ఇంకోటి రాదు. మరి బామ్మర్ది ఏం మాట్లాడుతడు బావతోని? పెండ్లైననాటి సంది ఇద్దరు ఒక్క మంచి మాట మాట్లాడుకున్న పాపాన పోలేదు. ఎగతాళే. ఆ కాలు ఇరిగినంకనే అది ఆగింది. ఎవరు ఆపిండ్రో గూడ తెల్వకుంట ఆగింది.

ఆయన గొంతు సవరిచ్చుకున్నడు. 

"బావా" అన్నడు. "దుంకుడు నీతోని గాదు గని, ఇటు జరుగరాదే."

కౌసల్య తమ్ముని భుజం గట్టిగ పట్టుకున్నది. గోర్లు దిగినయ్. 

"కొత్తల్లుడని మా ఊరికొస్తివి. పోరగాండ్ల ముందట షాన్ చూపిస్తివి. ఇంత గోడ దుంకలేక మా పెండకుప్పల పడ్డవు నడుముదాక. మా అవ్వ రెండు కడవలు పోసి కడిగింది. ఊరంత చూసింది. నీకు దుంకరాదని ఆనాడే తేలిపాయె."

గాలి. కింద గుండంల కప్ప ఏదో అరిచి ఆగింది. వీపు కదలలేదు. రఘుపతి నాలుక కరుచుకున్నడు. తప్పు మాటన్ననా? దుంకుడు అనే మాట తెచ్చి నేనే నోట్ల పెట్టిన్నా?

"దుంకలే" అన్నది చీకటి.

అందరు తలలెత్తిండ్రు.

"దుంకలే నేను" అన్నడు సాయిలు, మలిగి చూడకుంటనే. "మీ దున్నపోతు నూకింది."

"దున్నపోతు కొట్టంల ఉండె."

"నూకింది. నాకెరుక."

కౌసల్య నోటికాడి కొంగు తడిసిపోయింది. చప్పుడు రానియ్యలేదు.

"ఎంతమందొచ్చిండ్రు?" అన్నడు సాయిలు.

"నాతోని ఆరుగురం."

"తుపాకులు?"

బీరన్న వద్దన్నట్టు చెయ్యి ఊపిండు. రఘుపతి ఆ చెయ్యి చూసిండు. లేదంటే బాగుండు. లేదన్నవాళ్లను గూడ బావ చూసి ఉంటడు.

"ఒకటి. పిట్టలు కొట్టేది. తూటాలు తీసేపిచ్చిన. కింద జీపుల ఉంది."

"నువ్వు మిలిట్రీల కలిసినవట."

"నన్నెవరు కలుపుకుంటరే. కండ్లు సక్కగ కనపడయ్, పరుగు రాదు. వకీలుకే సరిగ్గ ఎవడు రూపాయిస్తలేడు."

"మరి క్యాంపంటే?"

"గుడారమేసుకొని పండుడు."

"ఎందుకు? వాళ్లకు ఇండ్లు లేవా?"

"ఉన్నయ్. పెద్దయే ఉన్నయ్."

"మరి?"

రఘుపతి అరికాలిల దిగిన పల్లేరుకాయను పీక్కున్నడు. "నాకు గూడ సమజ్ గాలే బావా" అన్నడు.

సాయిలు వీపు మెల్లగ కదిలింది. ఊరంత ఒక్కసారే ముందటికి ఒరిగింది. లేస్తున్నడో, జరుగుతున్నడో చీకట్ల తెలుస్తలేదు. గులకరాయొకటి అంచుమీదికెల్లి జారింది. పడ్డ చప్పుడు ఎంతసేపటికో వచ్చింది.

"కాలు తిమ్మిరెక్కింది" అన్నడు సాయిలు. "ఇటు వస్తలేదు."

"నేను వస్త."

"రాకు. ముట్టకు."

ఆయన రెండు చేతులు వెనుకకు ఆనిచ్చి, కూసున్నోడు కూసున్నట్టే, జానెడు జానెడు వెనుకకు జరగవట్టిండు. బిగిసిన కాలును చేతితోని పట్టి అంచుమీదికెల్లి ఇవుతలికి గుంజుకున్నడు. మల్ల జరిగిండు. రఘుపతి బండను గోర్లతోని పట్టుకొని చూస్తున్నడు తప్ప కదలలేదు. కదిలితే ముట్టినట్టైతది. వీపు తన మోకాలికి తగిలినంకనే గొంగడి తీసి ఆ వీపుమీద ఏసిండు. మనిషి తడిసి ముద్దైండు. జనవరి చలిల చెమట.

"రొట్టె మాడింది" అన్నడు సాయిలు పెండ్లాంతోని. "ఈడిదాక వాసనొచ్చింది."

అప్పుడేడ్చింది కౌసల్య.

కని కిందికి మాత్రం దిగనన్నడు. ఆ జీపులు ఊరు దాటిపోతేనే దిగుత అన్నడు. బీరన్న గూడ అదే మాట. పోనీ ఇప్పుడే పొమ్మందమంటే ఇంజన్ పెట్టాలె, ఆ చప్పుడు మల్ల ఈ బండకే తాకాలె. కొడుకో బిడ్డో లేని సాయిలు చుట్టు బీరన్న గొర్లను తోలిండు. ఆ వెచ్చదనంల ఆయన తల మోకాలుమీద పెట్టుకున్నడు. రఘుపతి అంచుకు, బావకు నడుమ కూసున్నడు. తెల్లారేదాక అక్కడనే ఉన్నడు.

కింద మూడో మలుపుల క్లబ్బు క్యాంపు చేసింది. గుడారాల్లేవు, మంట లేదు, పాట లేదు. మంట ఎలిగితే మీదివాళ్లు చూస్తరని దారాబ్ సాబ్ అగ్గిపెట్టెలన్నీ వసూలు చేసి పెట్టుకున్నడట. పులావు బియ్యం సంచిలనే ఉన్నయ్. సేఠ్ గ్రామఫోను గుడ్డ తీసి కప్పుకున్నడట.

తెల్లవారుజామున, మొఖాలు కనపడెటాల్లకు, జీపులు కదిలినయ్. ఇంజన్లు పెట్టలేదు. చక్రాల కింది రాళ్లు తీసి, బ్రేకుమీద కాలుంచి, మనుషులు ముందట ఆపుకుంట, వెనుక గుంజుకుంట, బండదారిమీద దించిండ్రు. దాంట్ల నెమిలిబండ మొగోళ్లు గూడ చెయ్యేసిండ్రు. ఎవరూ పిలువలేదు, ఎవరూ వద్దనలేదు. బీరన్న దారాబ్ సాబ్ పక్కన భుజం పెట్టి నూకిండు. ఇద్దరు ఒకరి మొఖం ఒకరు చూసుకోలేదు. ఊరి నడుమ మేక ఇంకా గుంజకే కట్టేసి ఉంది. పెద్దులు దాన్ని ఇప్పి తోలిండు. డాక్టర్ జీపును గూడ కలుపుకొని, ఊరు దాటిచ్చి, చేన్లు దాటిచ్చి, వాగు ఇసుకల దాక నూకిండ్రు. క్లబ్బు పెట్టినప్పటి సంది ఆ జీపులను అంత కష్టమైన దారిల ఎవ్వరూ నడపలేదు.

రఘుపతి వెనుకకు చూసిండు. గద్దగుండు మీద గొర్ల నడుమ గొంగడి కప్పుకున్న మనిషి కదలకుంట కూసోని ఉన్నడు.

కౌసల్య పాలకడవ నెత్తిన పెట్టుకొని వాగుదాక వచ్చింది. నిన్నటి పాలే, జీపులకెల్లి దించుకొని కాచి తెచ్చింది. కడవ జీపు ముందట దించింది. ఎవ్వరూ ముట్టలేదు.

దారాబ్ సాబ్ టోపీ చేతిల పట్టుకొని ఆమె ముందటికొచ్చిండు. దారి పొడుగునా తెలుగుమాటలు కూడబెట్టుకుంట వచ్చినట్టున్నడు.

"అమ్మా, మాఫ్ చెయ్యాలె. మా తప్పే. ఇంకోసారి వచ్చేటప్పుడు ఇట్ల కాదు. ముందుగాల్నే మంచిగ కబురు చెప్పి వస్తం."

కౌసల్య ఆయనను చూసింది. తమ్ముణ్ని చూసింది.

"చెప్పినందుకే గద సాబ్ ఊరంత ఉరికింది."